నాకు రాని కల

ముందే చెప్పేస్తున్నాను, ఆ కల నాకు రాలేదు. వచ్చిందని చెప్పింది నేనే. ఊరంతా నమ్మింది. కథ అక్కడితో ఆగి ఉంటే ఇప్పుడు మీ బుర్ర తినాల్సిన పని నాకు ఉండేది కాదు.

మా ఊరు కోన్ ద్రాయ్‌లో నన్ను బ్లెన్ అవ్వ అంటారు. నేను బజావుని. ఎవరికి ఒంట్లో బాగోకపోయినా కబురు పెడతారు. వెళ్ళి వాళ్ళ పొయ్యి పక్కన ఓ రాత్రి పడుకుంటాను. పొద్దున లేచి, కొండల్నీ నీళ్ళనీ ఏలే యాంగ్‌లు కలలో కనపడి ఏం అడిగారో చెబుతాను. కోడి అడిగారంటే కోడి కోస్తారు, మేక అడిగారంటే మేక. ఫలానా పొలం వదిలేయమన్నారంటే, బాగా పండే పొలమైనా సరే వదిలేస్తారు. బజావు కలని నిలదీసిన మగాడు మా వైపు ఇంకా పుట్టలేదు.

ముప్పై ఏళ్ళు నాకు నిజంగానే కలలు వచ్చాయి. తర్వాత నా కూతురు పోయింది. ఆ రోజు నుంచి ఒక్కటంటే ఒక్క కల రాలేదు. పడుకుంటే పడుకున్నట్టే, లేస్తే లేచినట్టే. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఏం తినాలి? మోకాళ్ళు అరిగిపోయాయి, కొండ పొలానికి ఎక్కలేను. మనవరాలు హోన్ నా మీద పడింది, అప్పటికి దానికి పదమూడేళ్ళు. అందుకని కలలు రాకపోతే కళ్ళు ఉన్నాయి కదా అనుకున్నాను. ఎవరింట్లో ఏం వండుతున్నారు, ఎవరు ఎవరితో మాట్లాడటం లేదు, ఏ గట్టు మీద మట్టి ఒదులుగా ఉంది, అన్నీ చూసిపెట్టుకునేదాన్ని. పొద్దున్నే లేచి దానికో కల తొడిగి చెప్పేదాన్ని. సిగ్గు విడిచి చెప్పాలంటే, నిజం కలలకన్నా ఇవే బాగా పనిచేశాయి.

ఆరేళ్ళు అలా గడిచాక మ్లాంగ్ పడకేసింది.

మ్లాంగ్ మా నాలుగిళ్ళ అవతల ఉండే విధవరాలు. కూతురు చిన్నప్పుడే పోయింది. మిగిలింది ఒక్క కొడుకు, థిప్. వాడు ఏటా వరి కోతలు కాగానే కాఫీ తోటలకి కూలికి పోతాడు, మళ్ళీ రెండు నెలలకి గానీ రాడు. ఆ ఏడు వాడు వెళ్ళిన వారానికి మ్లాంగ్ తిండి మానేసింది. జిల్లా ఆసుపత్రికి మోసుకెళ్ళారు. అక్కడి డాక్టరు మంచాయన, అన్ని పరీక్షలూ చేసి, జబ్బేమీ లేదు, బాగా తినమనండి అన్నాడు. తినడం చేతనైతే అంత దూరం ఎందుకు వస్తుంది పాపం. తిరిగి తెచ్చి పొయ్యి పక్కన పడుకోబెట్టి నాకు కబురు పెట్టారు.

నేను వెళ్ళి, స్తంభాల మీది వాళ్ళ ఇంటికి నిచ్చెన ఎక్కి చూశాను. ఆ ఇంట్లో జబ్బు ఏమిటో గుమ్మంలోనే తెలిసిపోయింది. గోడకి చిన్నపిల్ల నీళ్ళు మోసే సొరబుర్ర ఒకటి వేలాడుతోంది, ఎండి చిట్లిపోయి. పదేళ్ళ నాటిది. మ్లాంగ్‌కి కూతురు కావాలి. అంతే, ఇంకేమీ లేదు.

మా దగ్గర దానికి దారి ఉంది. కడుపున పుట్టకపోయినా, యాంగ్‌లు కోరితే ఒక జాడీ బియ్యపు కల్లు ముందు కూర్చుని తల్లీబిడ్డలైపోవచ్చు. ఆ ముడి పడితే ఇక కన్నబిడ్డకీ ముడిపడ్డ బిడ్డకీ తేడా లేదు. మరి ఎవరి బిడ్డ? ఇక్కడే నా స్వార్థం తల ఎత్తింది. నేను పోతే హోన్‌కి ఎవరున్నారు? తండ్రి వేరే ఊళ్ళో వేరే ఆవిడతో ఉన్నాడు. మ్లాంగ్ మంచిది, పొలం ఉంది, రెండు గేదెలున్నాయి. మనవరాలికి తల్లి దొరుకుతుంది, మ్లాంగ్‌కి ప్రాణం నిలుస్తుంది. ఒక్క దెబ్బకి రెండు పిట్టలు. నా తెలివికి నేనే మురిసిపోయి హాయిగా గుర్రుపెట్టి నిద్రపోయాను.

పొద్దున ఊరి పెద్ద కేవ్ వచ్చి కూర్చున్నాడు. నాకన్నా రెండేళ్ళు చిన్న, కానీ మాట మాత్రం తాతది.

"ఏం కనపడిందక్కా?"

"ఓ పిల్ల నిచ్చెన ఎక్కి వచ్చింది. చంకలో నీళ్ళ బుర్ర. మ్లాంగ్‌ని చూసి, అమ్మా దాహమా, అంది. ముడి వేయకపోతే మళ్ళీ రానంది."

"మొహం చూశావా?"

"మొహం చూపిస్తారా వాళ్ళు? కుడి చేతి బొటనవేలి మీద కాలిన మచ్చ ఒకటి కనపడింది."

పక్కింటి ఆడవాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. "అయ్యో, అది మన హోన్ కాదూ!" అంది ఒకావిడ.

"హోనా?" అన్నాను నేను, ఏమీ ఎరగనట్టు. ఎంత నటన! మ్లాంగ్ నెల రోజుల తర్వాత మొదటిసారి మోచేతి మీద లేచి, "నిజమేనా పిన్నీ? నాకు కూతురా?" అని ఏడ్చింది. ఆ మొహం చూశాక నాకు మంచిపనే చేశాననిపించింది.

హోన్ మొక్కజొన్న పొలం గుడిసెలో చిలకల్ని తోలుతూ ఉంది. కబురు పంపాం. అది వచ్చేసరికి జాడీ తెచ్చి నడుమ స్తంభానికి కట్టారు, కల్లులో నీళ్ళు పోశారు, వెదురు గొట్టాలు దించారు, కోడిని కోశారు. మ్లాంగ్ దుప్పటి కప్పుకుని కూర్చుని ఉంది. హోన్ నిచ్చెన మీదే ఆగిపోయింది, వీపు మీద బుట్ట కూడా దించలేదు. సంగతి విన్నాక దాని పెదాలు తెల్లబడిపోయాయి.

"అవ్వా, ఒక్కసారి కిందికి రా. నీతో మాట్లాడాలి."

"తర్వాత మాట్లాడుదువులే. కోడి నెత్తురు గడ్డకడుతోంది."

"అవ్వా, ఒక్క మాట."

"ఒసేయ్, మీద పడి ఏడవడానికి నీకేం పెళ్ళి చేస్తున్నామా? తల్లినిస్తున్నాం. రా."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నన్ను ఆ రోజు పామెందుకు కరవలేదో నాకు ఇప్పటికీ తెలియదు.

అది నా కళ్ళలోకి చూసింది. మ్లాంగ్ పుల్లల్లాంటి చేతులవైపు చూసింది. యాంగ్‌లు పిలిచారని తెలిశాక కాదంటే ఆ మనిషి చావు తన మెడకి చుట్టుకుంటుంది. వెళ్ళి కూర్చుంది. కేవ్ ఇద్దరి నుదుటా కోడి నెత్తురు రాశాడు. మ్లాంగ్ తన రొమ్ము మీద రెండు చుక్కల కల్లు వేసుకుని, ఆ తడి వేలు హోన్ పెదాలకి తాకించింది. ఇద్దరూ ఒకే జాడీలో తాగారు. సాయంత్రానికి మ్లాంగ్ అన్నం అడిగింది. మూడో రోజుకి బుట్ట వీపున వేసుకుని ఊటకి వెళ్ళింది. ఊరంతా నన్ను ఆకాశానికెత్తేసింది.

హోన్ మాత్రం మాట మానేసింది. ఏమే అంటే, ఏం లేదవ్వా అంటుంది. కొత్త తల్లి, కొత్త ఇల్లు, సిగ్గు కాబోలు అనుకుని ఊరుకున్నాను. అడిగేదాన్ని కాదు నేను. అడగడం మరిచిపోయి ఎన్నాళ్ళైందో. చూసి తెలుసుకోగలనని పొగరు మరి.

పదో రోజున థిప్ వచ్చాడు. సొంత ఇంటికి వెళ్ళకుండా నేరుగా మా నిచ్చెన ఎక్కాడు. నేను పంచలో మిరపకాయల తొడిమలు తీస్తున్నాను. కింద హోన్ వడ్లు దంచుతోంది.

"ఏమవ్వా, ఇంకా ఉన్నాయా పళ్ళు?"

"వీపు ఇటు తిప్పరా, కొరికి చూపిస్తాను. ఇంటికెళ్ళకుండా ఇక్కడేం పని నీకు?"

"దారిలో చెప్పారు, అమ్మని లేపావంట కదా. అందుకే ముందు నీ దగ్గరికి వచ్చా." వాడు నా ముందు గొంతుక్కూర్చుని చొక్కా లోపలి నుంచి ఓ మూట తీశాడు. రెండు రాగి కడియాలు, ఓ ఎర్రపూసల దండ. "ఇంకో పని కూడా ఉందిలే. మధ్యవర్తిని పంపాలి, నాకు తెలుసు. నువ్వు తిట్టి తరిమేస్తావని హోన్ భయపెట్టింది. అందుకని ఆ తిట్లేవో నేనే తిందామని..."

కింద రోకలి చప్పుడు ఆగిపోయింది.

నాకు అర్థం కావడానికి రెండు మిరపకాయల తొడిమలు తీసేంత సేపు పట్టింది. వాడు కడియాలు నా చాప మీద పెట్టి, చెమట తుడుచుకుంటూ, నవ్వుతూ ఉన్నాడు. "రెండేళ్ళైందవ్వా మేం అనుకుని. దీనికోసమే రెండు కోతలు వెళ్ళా. అన్నట్టు, నాకు చెల్లెలు వచ్చిందంట కదా? దారిలో అందరూ నవ్వుతున్నారు గానీ ఎవరో చెప్పరు. ఎవరవ్వా?"



"నేనే," అంది హోన్, కింద నుంచి.

మా దగ్గర ముడిపడ్డ తోబుట్టువులకి పెళ్ళి మాట కూడా ఎత్తరు. ఒకే కడుపున పుట్టినవాళ్ళకి ఎలాగో వీళ్ళకీ అలాగే. వాళ్ళు కలిస్తే వానలు పడవు, వరి తాలుపోతుంది, ఊరంతటికీ చుట్టుకుంటుంది. అప్పుడు పందిని కోసి నేలంతా కడుగుతారు. తప్పు చేసిన ఇద్దరినీ ఊరి ముందు మోకాళ్ళ మీద కూర్చోబెట్టి పంది తొట్టిలో తినిపిస్తారు. నా చిన్నప్పుడు ఒకసారి చూశాను. ఆ అమ్మాయి ముక్కుకి అంటిన తవుడు ఇంకా నా కళ్ళలో ఉంది. ఆ ఏడు తిరక్కుండానే ఆమె ఏటిలో పడి పోయింది.

థిప్ కిందికి చూశాడు, మళ్ళీ నా వైపు తిరిగాడు. "విప్పెయ్ అవ్వా," అన్నాడు. "నువ్వే కట్టావు. నువ్వే విప్పు."

"నేను కట్టలేదురా. యాంగ్‌లు కట్టారు."

ఆ మాట అలవాటుగా వచ్చేసింది. ఆరేళ్ళ అలవాటు. నాలుక తెగి కింద పడలేదెందుకో మరి.

ఆ రోజు నుంచి మొదలైంది నా నరకం. కుడితిలో పడ్డ ఎలక బతుకు. పెదవి విప్పానంటే దొంగ బజావునవుతాను. ఊరుకున్నానంటే నా మనవరాలి బతుకు నా చేతుల్తో నేనే పూడ్చినట్టు. పైగా ఆ ముడి ప్రకారం హోన్ రోజూ వెళ్ళి మ్లాంగ్ ఇంట్లో నీళ్ళు పోయాలి, వంట చేయాలి. థిప్ ఉండేది ఆ ఇంట్లోనే. పొయ్యికి ఈ పక్క అది, ఆ పక్క వాడు. మధ్యలో మ్లాంగ్, మురిసిపోతూ. ఆవిడకి ఏమీ తెలియదు. ఎవరు చెబుతారు? నేను కర్రపెండలం పట్టుకుని ఏదో వంకతో వెళ్ళి కూర్చునేదాన్ని, కాపలా కుక్కలాగా.

ఓ మధ్యాహ్నం మ్లాంగ్ మగ్గం మీద ఎర్రంచు పావడా నేస్తోంది. హోన్ వెదురు కొమ్ములు తరుగుతోంది. థిప్ కత్తిపిడి చెక్కుతున్నాడు.

"పిన్నీ, ఇది ఎవరికో చెప్పు చూద్దాం? నా కూతురి పెళ్ళికి," అంది మ్లాంగ్. "ఏటి అవతలి ఊళ్ళో నా చుట్టాలబ్బాయి ఉన్నాడు. మాట తక్కువ, పని ఎక్కువ. నువ్వే వెళ్ళి మాట్లాడాలి పిన్నీ. ఒరేయ్ థిప్, నువ్వు కూడా పోరా. చెల్లెలి పెళ్ళి నువ్వు కాకపోతే ఎవరు చూస్తారు?"

థిప్ కత్తి వాడి బొటనవేలిలోకి దిగింది. హోన్ లేవబోయి, మళ్ళీ కూర్చుంది. నెత్తురు కారుతూనే ఉంది, ముట్టుకునే హక్కు లేదు దానికి. మ్లాంగే గుడ్డ చించి కట్టింది, "ఇంత పెద్దాడివి, కత్తి పట్టడం రాదా," అని తిడుతూ. ఆ గుడ్డ కొత్త పావడా అంచులోంచి చించింది.

ఇక నా వల్ల కాలేదు. మర్నాడు ఇద్దరినీ మా ధాన్యం గాదె కిందికి పిలిచాను. ఎదురెదురుగా కూర్చోబెట్టి, మధ్యలో నేను కూర్చున్నాను.

"పారిపోదాం అంటున్నాడవ్వా," అంది హోన్, నేను నోరు విప్పకముందే. "తోటల దగ్గర ఎవరూ అడగరంట. నేను రాను. నేను తాగాను. తాగింది కక్కలేను. రేపు వాన పడకపోయినా, అమ్మ మళ్ళీ పడకేసినా, అక్కడెక్కడో కూర్చుని నేను అన్నం తినగలనా?"

"పడకెయ్యదు," అన్నాను. "నాకు కల రాలేదు. నేనే అల్లాను. అంతా నేనే."

చెప్పేశాను. ఆరేళ్ళూ చెప్పేశాను. థిప్ మొహం వెలిగిపోయింది. "అవ్వా, నిజంగా? అయితే ముడే లేదుగా! నువ్వు ముసలి దొంగవి, నీ కాళ్ళు మొక్కుతా!" అని నిజంగానే నా కాళ్ళు పట్టుకున్నాడు.

హోన్ కదల్లేదు. "మా అమ్మకి చెప్పింది?" అంది.

"ఏంటి?"

"మా అమ్మకి జ్వరం వచ్చినప్పుడు నువ్వు కల చెప్పావు. ఊట దగ్గర మేకని కట్టమన్నావు. అందరూ ఆసుపత్రి అంటుంటే వద్దన్నావు. అదీ అల్లిందేనా?"

"లేదే. అది నిజంగా వచ్చింది. ఒట్టు. అదే ఆఖరిది."

"నిజం కలకి అమ్మ చచ్చిపోయింది. అబద్ధం కలకి మ్లాంగ్ అమ్మ లేచి కూర్చుంది. అంతేనా అవ్వా?"

అది లేచి గాదె స్తంభానికి నుదురు ఆనించి నిలబడింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. థిప్ దాని దగ్గరికి ఒక అడుగు వేసి, ఆగిపోయాడు.

"ఊళ్ళో చెబుతాను," అన్నాను. "ఊరు కూడే రోంగ్ ఇంట్లో, అందరి ముందూ. నన్ను చంపుతారా? చంపితే చంపనీ. ఇప్పుడే ఏమంత బతుకుతున్నాను."

కొత్త బియ్యం పండగకి ఊరంతా రోంగ్ ఇంట్లో చేరింది. వరసగా జాడీలు, జాడీ జాడీకి గొట్టాలు. వెదురు బొంగుల్లో కాల్చిన అన్నం, కాల్చిన కోడి, చీమలు నూరిన ఉప్పుకారం. పొద్దు ఇంకా నెత్తి మీదే ఉంది. మ్లాంగ్ పిల్లలిద్దరినీ చెరోపక్క కూర్చోబెట్టుకుంది. నేను నడుమ స్తంభం దగ్గర నిలబడ్డాను.

"కేవ్, నేనో మాట చెప్పాలి. మ్లాంగ్ విషయంలో నాకు కల రాలేదు. నేను అబద్ధం చెప్పాను."

ఎవరో పకపకా నవ్వారు. "అవ్వకి ఈ జాడీ గట్టిగా పట్టేసింది!"

"నేనింకా గొట్టం ముట్టలేదురా, వెధవా! మ్లాంగ్‌కి కూతురి బెంగ అని చూసి, నేనే అల్లి చెప్పాను."

కేవ్ గడ్డం గోక్కున్నాడు. "మ్లాంగ్ లేచింది కదక్కా?"

"లేచింది కూతురు దొరికిందని. యాంగ్‌ల వల్ల కాదు."

"కూతురు దొరికితే లేస్తుందనేగా కల చెప్పింది?"

"కల కాదయ్యా, నేను చెప్పాను!"

"మరి వేలి మీద మచ్చ? అదెలా కనపడింది?"

"రోజూ నా కంచం ముందు కూర్చుని తింటుందయ్యా ఆ వేలితో!"

మళ్ళీ నవ్వులు. నేను అరిచిన కొద్దీ నవ్వుతున్నారు. వెనక వరసలోంచి ఒకడు లేచాడు. "నాకు పడమటి గట్టు వదిలేయమన్నావవ్వా. వదిలేసిన ఏడాదే గట్టు జారింది. అదీ అబద్ధమేనా?" ఆరేళ్ళుగా నేను చేసిన మంచి అంతా ఒకటొకటిగా లేచి నిలబడి నా మీద సాక్ష్యం చెప్పింది. ఒకడి బిడ్డ, ఒకడి గేదె, ఒకావిడ కాన్పు. అన్నీ నా కల వల్లే. నా అబద్ధాన్ని నిరూపించడానికి నా దగ్గర ఒక్క రుజువు లేదు. అన్నీ పనిచేశాయి మరి.

"ఎందుకు చెబుతున్నావక్కా ఇప్పుడిదంతా?" అన్నాడు కేవ్ నెమ్మదిగా.

చెప్పాను. హోన్, థిప్, రెండేళ్ళు, కడియాలు. నవ్వులు ఆగిపోయాయి. ఆడవాళ్ళు అయ్యయ్యో అన్నారు. మ్లాంగ్ చేతిలోని గొట్టం జారి పడింది. ఒకసారి కొడుకు వైపు, ఒకసారి కూతురి వైపు చూసింది. వాడి వేలికి కట్టిన గుడ్డని చూసింది.

"అదీ సంగతి," అన్నాడు కేవ్. "మనవరాలి మీద ప్రేమతో యాంగ్‌లని అబద్ధంలోకి దించుతున్నావు. నాకూ మనవలున్నారక్కా. నేనైనా అదే చేస్తానేమో. కానీ నీ మాట మీద ముడి విప్పలేను. తాగింది ఆ పిల్ల. ఈ జాడీ మీద చెయ్యి వేసి, మా అవ్వ యాంగ్‌ల పేరు చెప్పి మోసం చేసింది అని దాన్ని అననీ. విప్పేస్తాను. ఆ తర్వాత నీకీ ఊరి కంచె లోపల చోటుండదు, అది నీకూ తెలుసు."

"ఉండకపోతే పోయింది," అన్నాను. "హోన్, రావే. చెప్పు."

హోన్ లేచి జాడీ దగ్గరికి వచ్చింది. నేను దాని చెయ్యి పట్టుకుని జాడీ మూతి మీద పెట్టాను. మంచులా ఉంది ఆ చెయ్యి. "చెప్పవే తల్లీ. అడవిలో గుడిసె వేసుకుంటాను, నాకేం? దుంపలు తవ్వుకుని తింటాను. నిజమేగా నువ్వు చెప్పేది. చెప్పు."

థిప్ కూడా లేచి నిలబడ్డాడు.

అప్పుడు మ్లాంగ్ మాట్లాడింది. "చెప్పమ్మా. నాకు తెలియదమ్మా, తెలిస్తే ఆ రోజు తాగనిచ్చేదాన్నా? నా గురించి ఆలోచించకు. నేను మళ్ళీ పడుకుంటే పడుకుంటాలే. నా బిడ్డలు సుఖపడాలి గానీ." నవ్వడానికి ప్రయత్నించింది. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి.

ఏడిస్తే బాగుండేది. తిట్టినా, బతిమాలినా బాగుండేది. ఇలాంటి మాట అన్నాక ఎవరు మాత్రం ఏం చేయగలరు? నాకు మ్లాంగ్ మీద కోపం వచ్చింది, మంచిదైనందుకు.

హోన్ జాడీ మీద నుంచి చెయ్యి తీయలేదు. నా వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. దాని తల్లిని పూడ్చిపెట్టిన రోజున నా చెయ్యి పట్టుకుని నడిచిందే, అప్పటి చూపది.

"మా అవ్వకి కల వచ్చింది," అంది, అందరికీ వినపడేలా. "నా మీద ప్రేమతో ఇప్పుడు కాదంటోంది. వదిలేయండి."

"ఒసేయ్!" అని అరిచాను. "అబద్ధం! అబద్ధం చెబుతోంది!" ఇద్దరు ఆడవాళ్ళు నన్ను పట్టుకుని కూర్చోబెట్టారు. ఎవరో నా చేతిలో గొట్టం పెట్టి, "తాగవ్వా, సర్దుకుంటుంది," అన్నారు ఎంతో ప్రేమగా.

హోన్ తిరిగి వెళ్ళి మ్లాంగ్ పక్కన కూర్చుంది. ఆవిడ వణికే చేతుల్ని తన ఒళ్ళోకి తీసుకుని రుద్దింది. థిప్ ఇంకా నిలబడే ఉన్నాడు. అది తలెత్తి వాడి వైపు చూసింది.

"అన్నా," అంది. "అమ్మకి చలేస్తోంది. ఇంటికెళ్ళి దుప్పటి పట్టుకురా."

వాడు వెళ్ళి తెచ్చాడు.